రేకుకి మూడో అర్థం

మా ప్రొద్దుటూరులో రేకు అంటే రెండే అర్థాలు. పువ్వుకి ఉండేది ఒకటి, ఇంటి మీద వేసేది ఒకటి. నిఘంటువు తెరిచినా ఆ రెండింటి చుట్టూనే తిరుగుతుంది. మూడోది కూడా ఉందని తెలుసుకోవడానికి నేను కృష్ణా డెల్టా దాకా వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చాను. వెళ్ళని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నా కుట్టుమిషను దుకాణం సరిగ్గా శాఖా గ్రంథాలయానికి ఎదురుగా ఉంది. ఎనిమిదో తరగతిలో బడి మానేశాను కానీ గ్రంథాలయం మాత్రం ఈ యాభయ్యో ఏట కూడా మానలేదు. అక్కడ రైళ్ళ మీద, కాలవల మీద, ఓడరేవుల మీద ఉన్న పుస్తకాలన్నీ చదివాను, కొన్నయితే రెండేసిసార్లు. కొత్త పుస్తకాలు తెప్పించేటప్పుడు గ్రంథపాలకుడు గారు రోడ్డు దాటి వచ్చి, "నీకేమన్నా కావాల్నాప్పా?" అని అడుగుతారు. ఈ మాట గొప్ప కోసమే రాస్తున్నాను, దాచుకోను.

నాలుగేళ్ళ కిందట ఒక వారపత్రికకి ఉత్తరం రాశాను. "మా ప్యాసింజరు బండి దిక్కూమొక్కూ లేని స్టేషన్లలో గంటలు గంటలు ఎందుకు ఆగుతుంది?" అన్నది నా ప్రశ్న. రెండు వారాల తర్వాత విజయవాడ నుంచి కరీముల్లా అనే ఆయన అదే పత్రికలో జవాబు రాశారు. "మీ బండి ఎందుకు ఆగిందో తెలియాలంటే మీ బండిని చూడకండి. పక్క పట్టాల మీద ఏం పోతోందో చూడండి." ఆయన వ్యాపారుల తరఫున రైల్వే కాగితాలు రాసి, సరుకు ఎక్కించే పని చూసే మనిషి. అప్పటి నుంచి మా మధ్య ఉత్తరాలు, ఆ తర్వాత ఫోన్లు. ఈ ఏప్రిల్ ఆఖర్లో ఆయన ఒకే మాట అన్నారు. "ఎన్నాళ్ళు చదువుతారండీ, వచ్చి చూడండి."

కృష్ణా కెనాల్‌లో యాభై నిమిషాలు

నంద్యాల, గుంటూరు మీదుగా వచ్చిన మా బండి బెజవాడ కనుచూపు మేరలో ఉందనగా కృష్ణా కెనాల్ స్టేషన్లో ఆగిపోయింది. పెట్టెలో అందరూ ఉసూరుమన్నారు. నేను మాత్రం తలుపు దగ్గరికి పరుగెత్తాను. పక్క పట్టాల మీద చూడమని కదా ఆయన చెప్పింది!

మొదట బొగ్గు బండి పోయింది. యాభై ఎనిమిది పెట్టెల దాకా లెక్కపెట్టాను, తర్వాత కంట్లో నలుసు పడింది. కళ్ళు కడుక్కుని వచ్చేసరికి సిమెంటు బండి. ఎదురు దిక్కు నుంచి ఓడ మీద నుంచి దింపిన పెద్ద పెద్ద ఇనప పెట్టెలు, ఎరుపూ నీలమూ. ఆ వెనక నూనె ట్యాంకర్లు. పుస్తకాల్లో చదివిన దేశమంతా నా ముందు నుంచి వరసగా నడిచిపోతోంది!

జామకాయలమ్మే ఆవిడ నా పక్కనే మెట్టు మీద కూర్చుంది. ఇరవై రూపాయలకి నాలుగు. ఉప్పూకారం అద్దిచ్చింది.

"ఎప్పుడూ ఇంతేనామ్మా, ఇక్కడ ఆగడం?" అని అడిగాను.

"ఇంతేనయ్యా. ముందర ఇంతసేపు ఆగేవి కావు. ఇప్పుడు గూడ్సులు ఎక్కువయ్యాయి. మీ బండ్లు గబగబా పోతే నా కాయలు ఎవరు కొంటారు, నువ్వే చెప్పు!"

నాకు బెజవాడ పేరు గురించి చదివినది గుర్తొచ్చింది. కొండలు అడ్డుపడితే కృష్ణమ్మ పోవడానికి బెజ్జం చేశారనీ, అందుకే అది బెజ్జంవాడ, బెజవాడ అయిందనీ ఒక కథ. చరిత్రకారులు ఒప్పుకోరు. నేను దర్జీని కాబట్టి ఒప్పుకుంటాను. మద్రాసు దారం, కలకత్తా దారం, ఢిల్లీ దారం, హైదరాబాదు దారం, అన్నీ ఈ ఒక్క బెజ్జంలోంచే పోవాలి. సూది పాతదే. దారాలు మాత్రం ఏటేటా లావవుతున్నాయి. మూడో లైను వేస్తున్నారు, కళ్ళారా చూశాను, మట్టికట్ట ఎర్రగా మెరుస్తోంది. అది పూర్తయ్యేదాకా ఒకదాని వెనక ఒకటి ఆగాల్సిందే.

వన్‌టౌన్‌లో బగారా అన్నం

కరీముల్లా గారిని అంతకు ముందు ఫోటోలోనే చూశాను. అరవై దాటిన సన్నటి మనిషి, జేబుకి మూడు పెన్నులు. ప్లాట్‌ఫారం మీద నన్ను చూడగానే చేతులు చాచారు.

"రండి రండి టైలరు గారూ! ఫోటోలో కన్నా పొట్టిగా ఉన్నారే!"

"మీరు ఫోటోలో కన్నా పెద్దాయనగా ఉన్నారు లేండి," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అక్కడితో కొత్త పోయింది.

వన్‌టౌన్‌లో వాళ్ళది మేడ మీద రెండు గదుల ఇల్లు. ఆయన భార్య హసీనా గారు బగారా అన్నం, దాల్చా చేశారు. మా వైపు అతిథికి సంగటి ముద్ద వేస్తే "ఇంకొంచెం?" అని ఒకసారి అడుగుతాం, వద్దంటే వదిలేస్తాం. ఇక్కడ వద్దు అనే మాటకి విలువ లేదు. "మొహమాటపడకండి అన్నయ్యా" అంటూనే మూడోసారి వడ్డించారు. పైగా ఈ ఊళ్ళో 'అండీ' లేకుండా వాక్యం పూర్తికాదు. ఆటోవాడు నన్ను తిట్టింది కూడా, "కనపడట్లేదాండీ?" అని.

పొద్దు వాలకముందే ఆయన నన్ను స్టేషను పక్కనున్న నడకవంతెన ఎక్కించారు. కింద పట్టాలు జడపాయల్లా విడిపోతూ కలిసిపోతూ ఉన్నాయి. ఎక్కడ చూసినా సరుకు బండ్లే నిలబడి ఉన్నాయి.

"అందరికీ రైలే కావాలి టైలరు గారూ. కరెంటు ప్లాంటుకి బొగ్గు కావాలి. పొలానికి ఎరువు కావాలి. రేవుకి కంటైనర్లు పోవాలి. లారీ కన్నా చవక, అందుకని ఎవరూ వదులుకోరు. మరి పట్టాలు అన్ని లేవు. ఇప్పుడు నా ఉద్యోగమేంటో తెలుసా? ఎదురుచూడటం. అదే జీతం."

"ఇప్పుడు దేనికోసం ఎదురుచూస్తున్నారు?"

ఆయన ముఖంలో నవ్వు తగ్గింది. "పామర్రు దగ్గర సీతామహాలక్ష్మి గారని ఒక రైతు ఉన్నారు. నాలుగు ఊళ్ళ వాళ్ళని కూడగట్టి, మొదటిసారి మొక్కజొన్న సొంతంగా రైలు మీద పంపుతున్నారు. నామక్కల్ వైపు కోళ్ళ మేత మిల్లుకి. బస్తాలు చాలావరకు రెండు రోజుల కిందటే అక్కడి స్టేషను చేరాయి. బండి రావాలి."

"ఎప్పుడొస్తుంది?"

"ఆ ముక్క ముందే తెలిస్తే నా నెత్తి మీద ఇంకా జుట్టుండేదండీ."

పొద్దున్నే నన్ను ఆవిడ దగ్గరికి పంపే ఏర్పాటు చేశారు.

కాలవ గట్టు వెంట

ఉయ్యూరు మీదుగా పామర్రు పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కాలవ రోడ్డు పక్కనే మాతో పాటు వస్తుంది. మా పెన్నలో ఇసక మీద నడిచి అవతలికి పోయే రోజులే ఎక్కువ. ఇక్కడ నీళ్ళు మనుషులతో పాటు ఊరూరూ తిరుగుతాయి! ఒకప్పుడు ఈ కాలవల మీదే ధాన్యం పడవలు నడిచేవనీ, గట్టు మీద మనుషులు తాళ్ళతో లాగేవారనీ చదివాను. రైలు వచ్చి పడవల్ని పక్కకు నెట్టింది. ఇప్పుడు ఆ రైలుకే ఊపిరాడటం లేదు. ఈ మాట పక్క సీటాయనకి చెప్పాను. ఆయన అప్పటికే నిద్రపోయారు.

పామర్రులో దిగి పెసరట్టు ఉప్మా తిన్నాను. యాభై రూపాయలు. అల్లం చట్నీ నాలుక మీద పది నిమిషాలు ఉంది. మా వైపు రోటి పచ్చడి ఊరిబిండికి ఇది చెల్లెలు కాదు, మేనత్త.

సీతామహాలక్ష్మి గారు ట్రాక్టరు మీద వచ్చారు. యాభై ఏళ్ళుంటాయి, చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకి తువ్వాలు. ట్రాక్టరు నడిపేది ఏసుబాబు, ఆవిడ పొలంలో పదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి.

"మీరేనా పుస్తకాలాయన? ఎక్కండి, మడ్‌గార్డు మీద కూర్చోండి. గట్టిగా పట్టుకోండి, మా ఏసుబాబుకి గుంతలంటే ప్రేమ."

"గుంతలకే నేనంటే ప్రేమండీ," అన్నాడు ఏసుబాబు.

వాళ్ళ ఊరు కూచిపూడి దాటాక ఉంది. కూచిపూడిలో ఒక ఇంటి ముందు ఏసుబాబు కావాలని బండి నెమ్మది చేశాడు. లోపల కర్ర తాళం వినిపిస్తోంది, పిల్లల అడుగులు దానికి సరిగ్గా పడుతున్నాయి. "మా అమ్మాయి కూడా ఉందండి అందులో. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడటం వచ్చింది. దిగటం ఇంకా రాలేదు," అన్నాడు. అది చెప్పేటప్పుడు అతని మెడ రెండంగుళాలు పొడుగైంది.

ఇంటికి చేరగానే సీతామహాలక్ష్మి గారు గుప్పెడు మొక్కజొన్న గింజలు నా చేతిలో పోశారు. "ఒకటి పళ్ళ మధ్య పెట్టి కొరకండి."

కొరికాను. టక్‌మంది.

"అదీ! టక్‌మంటే ఆరినట్టు. మెత్తగా దిగిందా, తేమ ఉన్నట్టు. మిల్లువాళ్ళకి మిషనుంటుంది. మాకిదే మిషను." ఆవిడ గుమ్మంలో కూర్చున్నారు. "నలభై కుటుంబాలండీ. ప్రతి ఏడూ కల్లంలోనే ఎవరికో అమ్మేసి చేతులు దులుపుకునేవాళ్ళం. 'మనమే పంపుదాం, నన్ను నమ్మండి' అని ఇల్లిల్లూ తిరిగింది నేను. గూడ్స్ షెడ్డులో ఎరువు బస్తాలు దిగి ఉన్నాయి, చోటు లేదు. మా బస్తాలు సగం బయటే, ప్లాట్‌ఫారం మీద. బండి వచ్చేలోపు వాన పడిందా, మొలకలొస్తాయి, మిల్లువాళ్ళు వాసన చూసి తిప్పి పంపుతారు. వచ్చే ఏడు నా గుమ్మం ఎవరూ తొక్కరు. మొక్కజొన్న తడిస్తే నా మాట తడిసినట్టే."

ఆకాశం వైపు చూశాను. దక్షిణాన ఒక మబ్బు ఉంది. మా ఊళ్ళో అయితే దాన్ని చూసి దండం పెట్టేవాళ్ళం.

ఫోను

మధ్యాహ్నం ఆవిడ మిగిలిన బస్తాలు చూడటానికి పొలం పోయారు. ఫోను ఛార్జింగులో ఉంది. "మోగితే ఎత్తండి," అన్నారు. మోగింది. ఎత్తాను. కరీముల్లా గారు. వెనక ఏదో ఇంజను కూస్తోంది, సగం మాటలే వినబడ్డాయి.

"అమ్మగారికి చెప్పండి... రేకు ఓకే అయింది... ఇరవై... రేపు పొద్దున ఆరింటికి షెడ్డులో పడుతుంది... తయారుగా ఉండమనండి!"

ఫోను తెగిపోయింది.

నాకు అంతా తేటతెల్లంగా అర్థమైంది. షెడ్డులో చోటు లేదు, మబ్బు పట్టింది, కాబట్టి బయటి బస్తాల మీదకి ఇరవై రేకులు కావాలి. పొద్దున ఆరింటికల్లా అక్కడ పడాలి. నా దుకాణమే రేకుల షెడ్డు, ఇందులో తెలియనిదేముంది? ఏసుబాబుని పిలిచి చెప్పాను.

"ఇరవై ఏం సరిపోతాయండీ?" అన్నాడతను. "మా బావ కోళ్ళ షెడ్డు ఊడదీశాడు. రేకులన్నీ దొడ్లో పడున్నాయి. అడిగి మొత్తం ఎక్కించేస్తా. రేపు మళ్ళీ తిరిగిచ్చేద్దాం."

నా వల్ల ఒక పని జరిగిందని నాకు ఒళ్ళు తెలియని సంతోషం. సాయంత్రం సీతామహాలక్ష్మి గారు రాగానే చెప్పాను. "కరీముల్లా గారు ఫోను చేసినారు. రేకు ఓకే అయిందంట. ఇరవై. పొద్దున ఆరింటికి షెడ్డులో పడుతుందంట."

ఆవిడ చేతిలోని తట్ట కింద పడేసి, రెండు చేతులూ జోడించి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. లోపలికి పోయి బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టారు. ఊళ్ళో వాళ్ళకి ఫోన్లు మొదలుపెట్టారు. "రేకొస్తోంది! అవును, పొద్దున ఆరింటికి!"

ఇరవై రేకులకే ఇంత సంబరమా అనుకున్నాను. ధాన్యం పండే చోట ఇనుము అపురూపమేమో అని కూడా అనుకున్నాను. నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా.

గూడ్స్ షెడ్డు

స్టేషను పేరు రాయను. గుడివాడకి ఎంతో దూరం కాదు, అది చాలు. పొద్దున ఆరింటికి మేము చేరేసరికి కరీముల్లా గారు అప్పటికే వచ్చి ఉన్నారు. హమాలీలు తలగుడ్డలు చుట్టుకుని వరసగా కూర్చున్నారు. వాళ్ళ మేస్త్రీ నూకరాజు, పొట్ట ముందు, తను వెనక నడిచే మనిషి. ప్లాట్‌ఫారం పొడుగునా బస్తాల కొండ. నాలుగు ఊళ్ళ వేసంగి పంట అది.

అప్పుడు ఏసుబాబు ట్రాక్టరు వచ్చింది. అరవై రేకులు ఒకదాని మీద ఒకటి దబదబ మోగుతున్నాయి. అంచుల్లో ఇంకా కోడీకలు అంటుకుని ఉన్నాయి.

అందరూ లేచి నిలబడ్డారు. సీతామహాలక్ష్మి గారు ఏసుబాబుని చూశారు. ఏసుబాబు నన్ను చూశాడు. నేను కరీముల్లా గారిని చూశాను.

"ఇదేంటండీ?" అన్నారాయన.

"రేకులు," అన్నాను. "మీరు చెప్పినవే. ఇరవై అన్నారు, అరవై తెచ్చినాం."

నూకరాజు కింద కూర్చుండిపోయాడు, నవ్వు ఆపుకోలేక. "ఓరి నాయనో! రేకు అంటే గూడ్సు బండయ్యా! ఇరవై పెట్టెల గూడ్సు! మీరు కోళ్ళ షెడ్డు ఎత్తుకొచ్చారా!"

అదీ మూడో అర్థం. ఇంగ్లీషువాళ్ళు బండి పెట్టెల వరసని 'రేక్' అంటారు, అది నోళ్ళలో నలిగి నలిగి రేకు అయింది. కరీముల్లా గారు నా ఉత్తరాల్లోని భాష చూసి, ఈయన చదువుకున్నవాడని నాకు ఎప్పుడూ 'సరకు రైలు', 'బండి' అనే రాశారు, అనే మాట్లాడారు. కంగారులో ఉన్నప్పుడు మాత్రం ఆయన నోట అసలు మాట వచ్చింది. ఇన్ని పుస్తకాలు చదివాను, ఒక్కదాంట్లోనూ ఈ ముక్క లేదు.

సీతామహాలక్ష్మి గారు మొదట నవ్వలేదు. "అంటే... రేకు రాదా?" అని అడిగారు. ఆవిడ గొంతు విని నాకు ప్రాణం చివుక్కుమంది.

"వస్తుందమ్మా, వస్తుంది," అన్నారు కరీముల్లా గారు గబగబా. "నేను చెప్పిందే ఆయన చెప్పారు. విన్నది మాత్రం ఇంకొకటి."

అప్పుడు నవ్వారు. ఏసుబాబుని మాత్రం రేకులు దింపి ఒక పక్కగా పేర్చమన్నారు. "పొలంలో మిగిలిన బస్తాలు తేవాలి, బండి ఖాళీగా ఉండాలి. సాయంత్రం పట్టుకుపోవచ్చులే."

ఆరు పోయింది. ఏడు పోయింది. తొమ్మిది. ఎక్స్‌ప్రెస్సు పోయింది, ప్యాసింజరు పోయింది, మళ్ళీ ఇంకో బొగ్గు బండి. ప్రతి కూతకీ అందరూ లేచేవాళ్ళు, మళ్ళీ కూర్చునేవాళ్ళు. నూకరాజు మాత్రం ప్రతిసారీ నా వైపు తిరిగి, "పుస్తకాలాయనా, వచ్చింది పూరేకా, తగరపు రేకా?" అని అడిగేవాడు. హమాలీలకి ఆ పూట కాలక్షేపం నేనే.

పదకొండింటికి కరీముల్లా గారు ఫోను పెట్టేసి నుదురు తుడుచుకున్నారు. "మన రేకు బెజవాడ దాటలేదు. ముందు నాలుగు బండ్లున్నాయంట. ఎవరిదీ తప్పు కాదు, దారి లేదు. రేపు పొద్దునకే."

సీతామహాలక్ష్మి గారు తల పైకెత్తారు. నిన్న దక్షిణాన ఉన్న ఒక్క మబ్బు ఈ రోజు ఆకాశం సగం ఉంది.

వాన

మధ్యాహ్నం రెండింటికి గాలి మొదలైంది. టార్పాలిన్లు ముందే కప్పి ఉన్నాయి, తాళ్ళు బిగించారు. ఒక పెద్దదానికి మూల దగ్గర చిరుగుంది, గాలికి అది బారెడు చినిగింది. అప్పుడు మాత్రం నన్నెవరూ పిలవక్కర్లేదు. నూకరాజు దగ్గర దబ్బనం, పురికొస తీసుకుని బస్తాల మీదకి ఎక్కాను. ముప్ఫై ఏళ్ళుగా జాకెట్లూ లంగాలూ కుట్టిన చేతులు! గాలి లాగుతుంటే ఇద్దరు హమాలీలు అంచులు పట్టుకున్నారు, రెట్టింపు కుట్టు వేసుకుంటూ పోయాను. చివరి ముడి వేస్తుండగా మొదటి చినుకు నా చేతి మీద పడింది. రూపాయి బిళ్ళంత చినుకు!

ఆ తర్వాత వాన కాదు, కుండపోత. పైన టార్పాలిన్లు ఆగాయి. అందరం హమ్మయ్య అనుకున్నాం.

"కింద! కింద చూడండి!" అని అరిచారు సీతామహాలక్ష్మి గారు.

రోడ్డు వైపు నుంచి నీళ్ళు వాలుగా ప్లాట్‌ఫారం మీదకి దిగుతున్నాయి, ఎర్రగా, చెత్తతో సహా. బస్తాల కింద చెక్కలు వేశారు కానీ ఎత్తు తక్కువ. ఇంకో రెండంగుళాలు పెరిగితే అడుగు వరస మొత్తం నీళ్ళు పీలుస్తుంది. అడుగు వరస పోతే పైవి కూడా ఆవిరికి పోతాయి.

మా సీమవాళ్ళకి నీళ్ళు ఆపుకోవడం తెలుసు. నీళ్ళని పంపించడం తెలియదు, ఆ అవసరం మాకు రాదు. ఆవిడకి తెలుసు. ఒక్క క్షణం నిలబడి, పొలంలో నిలబడ్డట్టే నిలబడి, వాలు ఎటుందో చూశారు. తర్వాత చెయ్యి చాచారు, పక్కన పేర్చి ఉన్న కోళ్ళ షెడ్డు వైపు.

"ఏసుబాబూ, రేకులు! రేకులు నిలబెట్టండిరా! గట్టు వేసినట్టు వెయ్యండి, ఒకదాని అంచు మీద ఇంకోటి. నీళ్ళు పోయే మడవ పట్టాల వైపు వదలండి!"

హమాలీలకి రెండోసారి చెప్పక్కర్లేదు, అందరూ డెల్టా బిడ్డలే. అరవై రేకులు అడ్డంగా నిలబెట్టి, వెనక కంకర రాళ్ళు కుప్ప పోశారు. నూకరాజు పొట్ట ఆనించి ఒక రేకుని పట్టుకుని నిలబడ్డాడు, గోడలాగా. నేను ఇంకోదానికి వీపు ఆనించాను. నీళ్ళు వచ్చి రేకులకి తగిలి, కాసేపు ఆలోచించినట్టు ఆగి, పక్కకి తిరిగాయి. తిరిగి, ఆవిడ చూపించిన మడవలోంచి, బుద్ధిగా, పట్టాల పక్క కాలవలోకి దిగిపోయాయి!

"పుస్తకాలాయనా!" అని వానలో నూకరాజు అరిచాడు. "ఇది ఏ రేకు?"

"నా రేకు!" అని అరిచాను. నోట్లోకి నీళ్ళు పోయాయి.

గంటన్నరకి వాన ఆగింది. సీతామహాలక్ష్మి గారు వంగి, అడుగు వరసలో ఒక బస్తాకి బొక్క పెట్టి నాలుగు గింజలు తీశారు. అందరం ఆవిడ ముఖమే చూస్తున్నాం. ఒక గింజ పళ్ళ మధ్య పెట్టుకున్నారు.

టక్.

ఆ చప్పుడు కన్నా మంచి చప్పుడు ఆ నాలుగు రోజుల్లో నేను వినలేదు. ఆవిడ ఇంకో బస్తా దగ్గరికి పోయారు. టక్. ఇంకోటి. టక్. ఆఖరుకి ఏసుబాబు, "అమ్మగారూ, మిల్లువాళ్ళకి కూడా కొన్ని ఉంచండి," అన్నాడు.

రేకు వచ్చింది

మర్నాడు పొద్దున ఏడుకి ఇంజను కూత వినబడింది. ఈసారి ఎవరూ లేవలేదు, నమ్మకం పోయి. కానీ బండి నెమ్మదించింది, పక్క లైనులోకి తిరిగింది, ఇరవై పెట్టెలు, ఒకదాని వెనక ఒకటి, ప్లాట్‌ఫారానికి ఆనుకుని వచ్చి ఆగాయి. ఎర్రమన్ను రంగు, తలుపులు తుప్పు పట్టినవి. అయినా పూరేకు కన్నా అందంగా కనబడ్డాయి.

ఆ తర్వాత మాటల్లేవు, పనే. రేకు పడిన నిమిషం నుంచి గంటలు లెక్క. ఇచ్చిన గడువు దాటేలోపు నింపి తలుపులు వెయ్యాలి, ఎందుకంటే ఈ పెట్టెల కోసం ఇంకో ఊళ్ళో ఇంకెవరో ఆకాశం చూస్తూ ఉంటారు. హమాలీలు వీపుల మీద బస్తాలతో పలకల మీదుగా పరుగులు తీస్తున్నారు. పలక ఊగే లయకి అడుగు వేస్తున్నారు. కూచిపూడి వీధిలో విన్న కర్ర తాళం గుర్తొచ్చింది. ఇక్కడ కూడా అడుగు తప్పితే పడిపోతారు. నేను పిగిలిన బస్తాలు కుట్టాను. ఎన్ని కుట్టానో లెక్కపెట్టలేదు, దబ్బనం పట్టిన వేలు మాత్రం ఈ రోజుకీ నల్లగా ఉంది.

ఆఖరి తలుపు మూసి సీలు వేసినప్పుడు ఇంకా ఎండ ఉంది. సీతామహాలక్ష్మి గారు పెట్టె మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. "పో నాయనా, దారిలో ఎక్కడా ఆగకు," అన్నారు దానితో. కరీముల్లా గారు నవ్వి, "ఆగుతుందమ్మా, ఆగుతుంది. కానీ ఇక తడవదు," అన్నారు.

కోళ్ళ షెడ్డు రేకులు ఏసుబాబు బావకి తిరిగి వెళ్ళాయి. నాలుగు వంగిపోయాయట. అవి తనే సరిచేస్తానన్నాడు ఏసుబాబు. కోళ్ళ షెడ్డు మీద నుంచి దిగినవే కోళ్ళ మేతని కాపాడాయని అతనికి చెబితే, "మరి కోళ్ళకి చెప్పేదెవరండీ?" అన్నాడు.

మళ్ళీ దుకాణంలో

ఇంటికి వచ్చిన పది రోజులకి, జాకెట్టు చెయ్యి కుడుతుండగా ఫోను మోగింది. ఈసారి గొంతు స్పష్టంగా ఉంది.

"దిగిందండీ! మిల్లువాళ్ళు మిషను పెట్టి చూశారట. ఒక్క బస్తా కూడా తిప్పి పంపలేదు. ఒక్కటి కూడా!" సీతామహాలక్ష్మి గారు ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతోంది. "మా వాళ్ళందరూ గుమ్మంలోనే ఉన్నారు. ఇంకో రెండు ఊళ్ళు కలుస్తామంటున్నాయి. వచ్చే ఏడు నలభై రెండు పెట్టెల రేకు పెడుతున్నాం. మీరు రావాలి. రేకు సంగతి మర్చిపోకండి!"

"ఏ రేకండీ?" అని అడిగాను.

వెనక ఏసుబాబు నవ్వు వినబడింది.

"రెండూ!" అన్నారావిడ.